సెట్టి కృతిభర్త మాత్రమేనా?

మన సాహిత్యచరిత్రలలో కృతిభర్తల పట్టిక యొకటి తప్పక యుండును. రాజరాజనరేంద్రుడు మొదలుకొని రఘునాథనాయకుని వరకు రాజులు, మంత్రులు, దండనాథులు అందు బారులు తీరి నిలుతురు. ఆ వరుసలో వర్తకుడొకడు కలడు. అతడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుని హరవిలాసమును అంకితము గొన్నవాడు. పరీక్షాపత్రములు అతనిని గూర్చి అడుగునది అంతవరకే. విద్యార్థి పేరు వ్రాసి ఒక మార్కు సంపాదించును. సెట్టి మరల పట్టికలోనికి పోవును.

ఆ సెట్టి ఎవడు? ఏ వీథిలో నివసించెను? తాను నివసించిన పట్టణపు మంచిచెడ్డలలో అతని మాటకు ఎంత విలువ యుండెను? ధరలు, తూనికలు, పన్నులు, త్రాగునీరు, తగవులు – వీనియందు అతనికేమి పాలుండెను? ఈ ప్రశ్నలు మనమడుగలేదు. ఇవి సాహిత్యమునకు సంబంధింపని ప్రశ్నలని కొందరనవచ్చును. సంబంధించునని నా మనవి. కావ్యమును పోషించిన ధనము ఎట్టి సమాజమున పుట్టినదో తెలియక ఆ కావ్యమును పూర్తిగా చదివితిమనుకొనుట సాహసము.

హరవిలాసావతారిక చెప్పునది తక్కువేమియు కాదు. తిప్పయసెట్టికి తిరుమలనాథసెట్టి, చామిసెట్టి సోదరులు. కృతిపతి, కవి బాల్యమిత్రులు. ఈ యింటివారు సముద్రవ్యాపారము చేసినవారు. కర్పూరము, సింహళపు టేనుగులు, హురుమంజి గుఱ్ఱములు, భోటదేశపు కస్తూరి, చీనా పట్టువస్త్రములు – ఇవి వారు తెప్పించిన సరకులు. కొండవీటి నేలిన కుమారగిరిరెడ్డి ఏటేట వసంతోత్సవములు జరిపి కర్పూరవసంతరాయడని పేరొందినవాడు. ఆ ఉత్సవములకు వలసిన సుగంధద్రవ్యములు ఈ సెట్టి కోష్ఠములనుండి వెడలినవే. రాజు వసంతమాడెను, కవి వర్ణించెను, కర్పూరము సెట్టిది.

శ్రీనాథుడు తన కృతిపతిని ఎట్లు గౌరవించెనో గమనింపదగినది. హరవిలాసమున చిరుతొండనంబి కథ ప్రధానమైనది. అరవమున పెరియపురాణములో ఆ భక్తుడు పల్లవరాజు సేనలను నడపిన వీరుడు. తెలుగు కన్నడ దేశముల శైవసంప్రదాయములో అతడే కంచిలోని సిరియాళసెట్టి. వర్తకుడైన మిత్రునకు వర్తకుని భక్తికథను వినిపించుట కవి యౌచిత్యము. అయినను, ఇచ్చటను సెట్టి గొప్పతనము భక్తిలోనిది, త్యాగములోనిది, పురజీవనములోనిది కాదు. కవి తన మిత్రుని ఓడలను చూచెను, గుణములను చూచెను. అంగడివీథిలో నలుగురిని కూర్చుండబెట్టుకొని తగవు తీర్చు సెట్టిని చూపలేదు. అది కావ్యవస్తువని ఆనాడెవరికిని తోచలేదు.

ఇప్పుడు దృష్టిని ఒకమారు సముద్రము దాటింతము. కుమారగిరిరెడ్డి 1386 నుండి 1402 వరకు రాజ్యము చేసెను. సరిగా ఆ కాలముననే లండను నగరమున రిచర్డు విటింగ్టన్ అను పట్టువస్త్రముల వర్తకుడుండెను. పిల్లల కథలలో పిల్లిని వెంటబెట్టుకొని వచ్చి నగరాధ్యక్షుడైన అనాథబాలుడితడే. కథ మాట యటుండనిండు. నిజమైన విటింగ్టన్ రెండవ రిచర్డు రాజునకు పట్టును మఖమలును అమ్మినవాడు. 1392కును 1394కును నడుమ అమ్మిన సరకే 3,500 పౌనుల విలువైనది. తిప్పయ కుమారగిరికెట్లో, ఇతడు రిచర్డునకట్లు. ఇరువురును రాజవిలాసమునకు సరకు తెచ్చిపెట్టినవారే. ఇరువురును తమ రాజులకంటె తెలివైనవారే కావచ్చును.

కాని విటింగ్టన్ చరిత్ర అంతటితో ముగియదు. రాజు 1392లో లండను నగరపు స్వాతంత్ర్యములను లాగికొనెను. 1397లో నగరాధ్యక్షుడు మరణింపగా విటింగ్టన్‌ను రాజే ఆ స్థానమున నియమించెను. రాజునకు 10,000 పౌనులు చెల్లించి నగరము తన హక్కులను మరల సంపాదించుకొనెను. ఆ యేడాది అక్టోబరులో పౌరులు అతనినే తమ అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. 1406లోను, 1419లోను మరల ఎన్నుకొనిరి. రిచర్డు 1399లో సింహాసనభ్రష్టుడయ్యెను. విటింగ్టన్ మాత్రము తరువాతి రాజులకును అప్పులిచ్చుచు నగరమున నిలిచెను. 1423లో సంతానము లేక మరణించెను. అతని ధనముతో న్యూగేటు కారాగారమును తిరిగి కట్టించిరి. నగరసభామందిరమున గ్రంథాలయము నెలకొల్పిరి. వృద్ధులకు ఆశ్రయము కల్పించిరి. త్రాగునీటి తూములు పెట్టించిరి. థేమ్సు నది పోటునీరు కడిగిపోవునట్లు 128 ఆసనములు గల మరుగుదొడ్డిని పేదసాదలకై కట్టించిరి. ఆ ధర్మనిధి నేటికిని పట్టువర్తకుల సంఘము చేతిలో నడచుచున్నది. ఆ సంఘమునకు రాజశాసనము లభించినది 1394లో.

లండను స్వర్గము కాదు. అచ్చట వర్తకుల రాజకీయములు రక్తసిక్తమైనవి. విటింగ్టన్‌కు కొంచెము ముందు నార్తాంప్టన్ జాను అను బట్టలవర్తకుడు 1381 నుండి 1383 వరకు నగరాధ్యక్షుడుగా నుండెను. చేపలవర్తకుల గుత్తాధిపత్యమును విరుగగొట్టి పేదలకు చేపలు చవుకగా దొరకునట్లు చేయబూనెను. పచారీవర్తకుడైన నికొలాసు బ్రెంబరు అతనికి ప్రతికక్షి. బ్రెంబరు గెలిచి నార్తాంప్టన్‌ను శిక్షింపజేసెను. రాజపక్షము వహించిన ఆ బ్రెంబరే 1388లో ఉరిదీయబడెను. సంఘములలో పేరు గలవారికే ఓటు. కూలివానికి నోరు లేదు. కావున, సీమలో అంతయు ప్రజాస్వామ్యమనియు, మన దేశమున అంతయు చీకటియనియు చెప్పుట నా ఉద్దేశము కాదు. నేను చెప్పదలచినది వేరు. అచ్చటి వర్తకుని తప్పొప్పులు, గెలుపోటములు నగరపు దస్తరములలో మిగిలినవి. మన వర్తకుని గూర్చి ఒక అవతారిక మిగిలినది.

అయినచో మన సెట్టులకు పురజీవనమే లేకుండెనా? ఈ మాటను అంగీకరించువారు శాసనములను చూడనివారు. మన ప్రాచీనభాషలో 'నకరము' అను మాట కలదు. అది నగరశబ్దమునకు తద్భవము. శాసనములలో దాని అర్థము వర్తకుల సభ. నగరమనగా వర్తకసభ, వర్తకసభయనగా నగరము అను భావము పలుకులోనే ఇమిడియున్న జాతికి పురరాజకీయము తెలియదనుట ఎట్లు? పెనుగొండను మూలస్థానముగా చెప్పుకొన్న వైశ్యులు నకరము నూటయిద్దరు. దేశదేశములు తిరిగి వర్తకము చేసినవారు ఉభయ నానాదేశి పెక్కండ్రు. పెక్కండ్రు అను మాటలోని అందమును చూడుడు: ఒక్కడు కాదు, పలువురు, ఒక్కని ఆజ్ఞ కాదు, పలువురి సమ్మతి.

మా జిల్లా ప్రధాననగరమైన బెజవాడయే ఇందుకు గొప్ప సాక్ష్యము. అచ్చటి నూనెవర్తకులు తెలికి వేవురుగా ప్రసిద్ధులు. గోదావరిసీమలోని టేకి గ్రామమున దొరకిన రాగిరేకుల శాసనము 1086 ప్రాంతపుది. కులోత్తుంగచోళుని కుమారుడు, వేంగినేలిన చోడగంగు దానినిచ్చెను. తెలికివారి పూర్వులు చాళుక్యరాజులను సేవించిరని చెప్పి అతడు వారికి కొన్ని గౌరవములు ప్రసాదించెను. వారి పెండ్లిండ్లలో వధూవరులు గుఱ్ఱమెక్కి రాజవీథులలో ఊరేగవచ్చును. ఉత్సవాంతమున రాజుపాదముల చెంత వస్త్రముల జత నుంచినచో బంగారు పళ్ళెరమున తాంబూలము లభించును. ఈ గౌరవములు నేడు మనకు స్వల్పముగా తోచవచ్చును. వీథి ఎవరిది అను ప్రశ్నకు ఆనాటి సమాధానమిది. గానుగ ఆడించువాని కొడుకు రాజవీథిలో గుఱ్ఱమెక్కి పోవుట పురరాజకీయము గాక మరేమి?

రేవుపట్టణములకు వత్తము. బాపట్ల జిల్లా చినగంజాము చెంత నున్న మోటుపల్లి నేడు చిన్నయూరు. వీరభద్రాలయమున కాకతి గణపతిదేవుని అభయశాసనము కలదు, కాలము 1244–45. తుపానులో చెదరి ఒడ్డునబడిన ఓడల సరకును పూర్వరాజులు బలవంతముగా లాగికొనుచుండిరి. ప్రాణముకంటెను ధనము వర్తకునకు ప్రియమైనదని గుర్తించి, నియతమైన సుంకము తప్ప తక్కిన సర్వస్వమును విడిచితినని గణపతిదేవుడు చాటెను. చందనమునకు, కర్పూరమునకు, ముత్యములకు, దంతమునకు, పట్టునూలునకు సుంకములు ఇంతింతయని శిలమీద చెక్కించెను. సుంకము శిలమీదకెక్కినపుడు అధికారి నాలుకకు పనియుండదు. అదే చోట 1358లో అనపోతారెడ్డి మరల శాసనము వేయించెను. నివసింపవచ్చిన వర్తకులకు భూములిత్తుమనియు, మరలిపోదలచినవారిని నిర్బంధింపమనియు, పుత్రులు లేక మరణించినవాని ధనమును గైకొనమనియు అందు వాగ్దానము చేసెను. తిప్పయసెట్టి పుట్టిపెరిగిన వాతావరణమిది.

ఇంతకంటెను విలువైనది మగమ. వర్తకులు కూడి, తాము అమ్ము సరకుపై బరువునకింతయని తమకు తామే ఒక పన్ను విధించుకొని దేవాలయమునకో ధర్మమునకో సమర్పించుటయే మగమ. మిరియములకింత, పోకలకింత, ఉప్పునకింత అని లెక్కలతో వ్రాయించిన శాసనములు తెలుగునాట తక్కువ లేవు. రాజు విధించిన పన్ను వేరు. నలుగురు కూర్చుండి తమపై తామే వేసికొన్న పన్ను వేరు. మొదటిది ఏలుబడి; రెండవది పౌరధర్మము. ఇది మనకు తెలిసిన విద్యయే.

మరి లోపమెక్కడ? నా అభిప్రాయమున లోపము మూడు చోట్ల కలదు.

మొదటిది: మన వర్తకులకు లభించినవి రాజు దయవలన లభించినవి. గణపతిదేవుని శాసనము పేరే అభయము. భయము పుట్టింపగల వాడే అభయమీయగలడు. 1244లో ఇచ్చిన మాటను మరల 1358లో ఇంకొక వంశమువారు ఈయవలసివచ్చెను. దయ వంశముతో పోవును కదా. లండనువారును రాజు దయకై చేయిచాపినవారే; కాని వారు 10,000 పౌనులకు కొన్నది ఒక వ్యక్తికి కలుగు మేలు కాదు, నగరమను దేహమునకు చెందు హక్కు.

రెండవది: మన దానములు దేవాలయమును చేరినవి. ఇందు తప్పులేదు. ఆనాటి ఆలయము పాఠశాల, సత్రము, ధాన్యాగారము కూడ. 1261 నాటి మల్కాపురశాసనము చూడుడు. అందు గోళకీమఠమునకు అనుబంధముగా విద్యాలయము, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడపించు ఏర్పాటులున్నవి. విటింగ్టన్ లండనులోని వైద్యశాలలో పెండ్లికాని తల్లులకు పురిటిగది ఏర్పరచుటకు 100 సంవత్సరములకు పైబడి ముందుమాట ఇది. కాని మల్కాపురమున ఇచ్చినవారు రాజులు, పుచ్చుకొన్నవారు గురువులు. పట్టణము నడుమ లేదు. రాజ్యము మారినపుడు మాన్యము పోయినది. మాన్యముతో ప్రసూతిశాలయు పోయినది.

మూడవది: మన సంఘములు కులములతో ముడివడినవి. తెలికివారి సభ తెలికివారిదే; కోమట్ల నకరము కోమట్లదే. ఊరంతటికిని పూచీపడు సభగా అవి ఒక్కటి కాలేదు. ఎవరి మగమ వారిది, ఎవరి సత్రము వారిది. లండనులోను చేపలవాడు, బట్టలవాడు కత్తులు దూసికొనిరి. కాని వారు కొట్లాడినది ఒకే పీఠము కొరకు. కొట్లాటకైనను ఉమ్మడి వేదిక యొకటి కావలెను.

తెలుగు వర్తకునకు ఆ వేదిక దొరకినది పరాయిదొరల కాలమున. 1687 డిసెంబరు 30వ తేదీనాటి శాసనముచే చెన్నపట్టణమునకు నగరసభ ఏర్పడెను. 1688 సెప్టెంబరు 29న హిగ్గిన్‌సన్ అధ్యక్షుడుగా అది ప్రారంభమాయెను. పండ్రెండుగురు పురపెద్దలలో చిన్నవెంకటాద్రి, ముద్దు వీరన్న అను కంపెనీ వర్తకులుండిరి. కంపెనీ అధిపతియైన చైల్డు దొర దీనిని దయతో చేయలేదు. కోటగోడల ఖర్చునకై విధించిన పన్నును పురజనులు ప్రతిఘటించుచుండిరి. పైవాడు బలవంతముగా తీసికొను కాసుకంటె, తమలోని పెద్దలు విధించిన పెద్దపన్నునే జనులు సంతోషముతో ఇత్తురని అతని లెక్క. మన పెక్కండ్రు మగమలో ఏనాడో కనుగొన్న సూత్రమే అది! మన యింటి విద్యను వేరొకడు తన లాభమునకు వాడుకొనెను. తరువాత బందరులో 1866లోను, బెజవాడలో 1888లోను పురపాలకసంఘములు వెలసినపుడు అవి మనకు సీమనుండి దిగుమతియైన వింతవస్తువులుగా తోచినవి. నకరమును మరచిపోయిన ఫలితమిది.

ఈ మరపులో సాహిత్యమునకును భాగము కలదు. సెట్టిని మన కవులు రెండు రూపములనే ఎరుగుదురు. దానమిచ్చునప్పుడు కుబేరుడు, ఈయనప్పుడు లోభి. క్రీడాభిరామమున టిట్టిభసెట్టి ఓరుగల్లు వీథులన్నియు తిరుగును. మంచనశర్మ వెంట అన్ని వినోదములు చూచును. ఎంత సజీవమైన నగరవర్ణన! అయినను ఆ సెట్టి ఆ నగరమునకు చూపరియే కాని కర్త కాడు. సామెతలలో కోమటి పిరికివాడు, ప్రహసనములలో త్రాసుదొంగ. ఒక జాతి తన వర్తకుని మూడువందల ఏండ్లు నవ్వులపాలు చేసినచో, అతడు అంగడి అరుగు దిగి ఊరిపెద్దయై నిలుచుటకు ఉత్సాహపడునా? ఆధునికులు రాజులపైనను రాణులపైనను చారిత్రకనవలలు కొల్లలుగా వ్రాసిరి. మోటుపల్లి రేవున సుంకపు శిల యెదుట నిలుచుండి అధికారితో వాదించు వర్తకుడు నవలానాయకుడు కాదగడా? తెలికి వేవురి సభలో గానుగపన్నుపై జరిగిన చర్చ నాటకమునకు తగిన రంగము కాదా?

కళాశాలలలో శాసనపాఠములు ప్రాచీనగద్యమునకు ఉదాహరణములుగా మాత్రమే చెప్పబడుచున్నవి. విభక్తులు, శకటరేఫములు లెక్కించి విడిచెదము. విభక్తులతోపాటు ఆ శాసనమున ఎవరు ఎవరికి ఏమి ఇచ్చిరి, ఎవరి సమ్మతితో ఇచ్చిరి అనునది కూడ చెప్పినచో భాషకు వచ్చు నష్టమేమియు లేదు. హరవిలాసమును బోధించు దినమున మోటుపల్లిశాసనమును ప్రక్కన బెట్టుకొని బోధించినచో శ్రీనాథుని పద్యములోని కర్పూరము మరింత పరిమళించును.

ఇది గతమును గూర్చిన ముచ్చట మాత్రమే యని తలపవలదు. బెజవాడనుండి తిరువూరునకు పోవు మార్గమున నున్నది ఎ.కొండూరు. ఈ మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధి ఎందరినో బలిగొన్నది. త్రాగునీటిని గూర్చిన సందేహము తండావాసులను ఏండ్ల తరబడి పీడించినది. కృష్ణనీటిని గొట్టముల ద్వారా తెచ్చుటకు ప్రభుత్వము పూనుకొన్నది, అది ప్రభుత్వధర్మము. కాని కృష్ణ ఇచ్చటికి సుదూరమేమియు కాదు. ఆ నదీతీరమున వేయేండ్లుగా వర్తకము సాగుచున్నది. ఆ సంపదలో బస్తాకింతయని ఒక భాగము, ఊరు చూడకుండ, కులము చూడకుండ, దాహము చూచి ఏనాడో ప్రవహించియున్నచో ఈ కథ మరొక విధముగా నుండెడిది. గణపతిదేవుడు మోటుపల్లిలో అభయమిచ్చిన ఆ రోజులలోనే, 1245 ప్రాంతమున, లండనువారు టైబర్ను ఊటలనుండి నగరము నడుమకు త్రాగునీటి కాలువను వేయ నారంభించిరి. అచ్చటి వర్తకులు మనవారికంటె దయాళువులని నేననను. వారికి తమ దయను నిలువచేయుటకు పాత్ర యొకటి దొరకినది. ఆ పాత్ర పేరు పురము.

నేడు మనకును ఆ పాత్ర కలదు. 1992లో చేయబడిన 73, 74 రాజ్యాంగసవరణములు పంచాయతులకును పురపాలకసంఘములకును రాజ్యాంగమున స్థానము కల్పించినవి. ఇది దయ కాదు, అభయము కాదు, హక్కు. ఒక కులముది కాదు, ఊరిది. పూర్వము లేని మూడును నేడు చేతనున్నవి. లేనిది పెక్కండ్రు గుణము: నలుగురు కూర్చుండి తమపై తాము పన్ను వేసికొనునట్టి గుణము. నేటి వర్తకుడు ఎన్నికలలో ధనము వెచ్చించుటను బాగుగా నేర్చెను. తిరిగి రాబట్టుకొనుటయు నేర్చెను. తిప్పయసెట్టి కుమారగిరి వసంతమునకు కర్పూరము సమకూర్చెను. నేటి సెట్టులు నేటి కుమారగిరుల వసంతములకు సమకూర్చుచున్నారు. ఆనాడు కనీసము కావ్యమైనను మిగిలినది.

కృతిభర్త యగుట గొప్పయే. శ్రీనాథుని చేతిలో పడినవానికి కీర్తికి కొదువలేదు. కాని కావ్యమున నిలిచిన సెట్టి, పురమున కూడ నిలువవలసినవాడు. మన సాహిత్యచరిత్రకారులు ఆ పట్టికలో అతని పేరునకెదురుగా ఇంకొక గడి గీయుదురు గాక. అందు వ్రాయుటకు నేడు మనకు తెలిసినది స్వల్పమే కావచ్చును. గడి యున్నచో వెదకువారు పుట్టుదురు.